ఇంట్లో అందరికీ కోవిడ్ తగ్గిపోయింది, నాకు భయం మాత్రం తగ్గలేదు. మా తోడికోడలికి లేని భయం నాకెందుకు?

పర్లాకిమిడి కోడలు:

అందరికీ నమస్కారం. నేను పుట్టింది పాతపట్నం, మెట్టింది పర్లాకిమిడి. రెండూళ్ల మధ్య రాష్ట్రాల సరిహద్దు ఉంది గానీ మేమెప్పుడూ దాన్ని లెక్కచేయలేదు. కూరగాయలు ఎటు చవకైతే అటు వెళ్లేవాళ్లం. అమ్మకి ఒంట్లో బాగాలేదంటే పొయ్యి మీద పప్పు దించేసి ఆటో ఎక్కేదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక అటు ఆంధ్ర పోలీసులు, ఇటు ఒడిశా పోలీసులు, మధ్యలో బారికేడ్లు. ఇంత దగ్గర్లో ఉన్న అమ్మని నెలల తరబడి ఫోన్‌లోనే చూశాను. అయినా ఆ ఏడాది నేను బాగానే ఉన్నాను. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే మా ఆయన "నువ్వు మొదట్నుంచీ పిరికిదానివే" అంటారు. కాదు.

2021 మేలో మా ఇంటికి వచ్చింది. మొదట అక్కకి (నా తోడికోడలు), ఆవిడకి తొందరగానే తగ్గిపోయింది. తర్వాత వరసగా బావగారు, మా ఆయన, మావయ్య, నేను. మావయ్యకి ఆక్సిజన్ పడిపోతుంటే బరంపురం తీసుకెళ్లమన్నారు. మగాళ్లిద్దరూ లేవలేని జ్వరంతో ఉన్నారు. అక్కే అంబులెన్స్ ఎక్కింది. మావయ్యని డిశ్చార్జ్ చేసేదాకా ఆసుపత్రి బయట షెడ్డులో పడుకుంది, ఇంటికి రాలేదు.

నేను మేడ మీద గదిలో ఉన్నాను. బాబుకి అప్పుడు రెండేళ్లు. అత్తమ్మ కింద వాణ్ణి చూసుకునేవారు. వాడు మెట్ల దగ్గరకొచ్చి "అమ్మా" అని ఏడ్చేవాడు, నేను తలుపు తీయకూడదు. చేతిలో ఫోను, మంచం మీద ఆక్సీమీటర్. అంతే.

మావయ్య దేవుడి దయ వల్ల బాగున్నారు. ఇప్పుడు పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డుదాకా నడిచి వస్తున్నారు. అందరం టీకాలు వేయించుకున్నాం. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు కూడా.

నా సంగతి వేరు. పొద్దున లేవగానే కాఫీపొడి డబ్బా మూత తీసి వాసన చూస్తాను. వాసన తెలిస్తేనే పని మొదలుపెడతాను. హ్యాండ్‌బ్యాగులో తాళాలతో పాటు ఆక్సీమీటర్ ఉంటుంది. బస్సులో ఎవరైనా దగ్గితే దిగిపోవాలనిపిస్తుంది, ఒకటి రెండుసార్లు దిగిపోయాను కూడా. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగితే అది ఎవరిదైనా సరే నా కాళ్లు చల్లబడతాయి. కొత్త వైరస్ అని టీవీలో స్క్రోలింగ్ వస్తే ఆ రాత్రి నిద్ర లేనట్టే. ఈమధ్య ఒక పెళ్లిలో భోజనాల దగ్గర కూర్చుని ఉండగా గుండె దడదడ, వేళ్లు తిమ్మిర్లు, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. గ్యాస్ అని మందు రాసిచ్చారు. అత్తమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. నేను వద్దనలేదు.

నా ప్రశ్న: అక్క అన్నీ కళ్లతో చూసింది. పక్క మంచాల్లో వాళ్లు పోవడం చూసింది. ఆవిడ హాయిగా నిద్రపోతుంది. ఏమీ చూడకుండా గదిలో కూర్చున్న నాకు ఈ రోగం ఏమిటి? ఆ గుండె ధైర్యం పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా? మా ఆయన "అక్కని చూసి నేర్చుకో" అంటే నాకు ఏడుపు తన్నుకొస్తుంది. డాక్టరు దగ్గరకి వెళ్తే ఇచ్చే మందులు జీవితాంతం వాడాలా? మా పుట్టింట్లో తెలిస్తే "పిచ్చి మందులు" అంటారు, ఆ టెన్షన్ ఒకటి.

రాయగడ కుర్రోడు:

మేడమ్, టెన్షన్ పడకండి. న్యూస్ చూడటం మానేయండి, యోగా చేయండి. అంతా మనసులోనే ఉంది. కరోనా వెళ్లి ఇన్నేళ్లయింది, ఇంకా దాని గురించి ఆలోచించడం ఎందుకు? బీ పాజిటివ్.

జయపురం సిస్టర్:

పై తమ్ముడికి: "టెన్షన్ పడకండి" అంటే ఆగిపోయేదైతే మా ఓపీ ఎప్పుడో ఖాళీ అయిపోయేది. న్యూస్ తగ్గించమన్నది మాత్రం మంచి మాటే. ఇక "బీ పాజిటివ్" అన్నమాట, 2021లో పాజిటివ్ అని రిపోర్టు వచ్చినవాళ్ల దగ్గర వాడకు.

చెల్లీ, నేను కోరాపుట్ జిల్లాలో నర్సుని. రెండు వేవుల్లోనూ కోవిడ్ వార్డులో చేశాను. నువ్వు రాసినవి కొత్తవి కావు, రోజూ వింటున్నవే.

ముందు పెళ్లిలో జరిగింది. దాన్ని పానిక్ అటాక్ అంటారు, నువ్వు చెప్పినదాన్ని బట్టి అదే అయ్యుంటుంది. ప్రమాదం వచ్చిందని ఒంటికి పొరపాటు సంకేతం వెళ్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది. నీకు తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తావు. అలా తీసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానివల్లే వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కడం, తల తిరగడం. తమాషా ఏమిటంటే ఆ సమయంలో గాలి ఎక్కువే తీసుకుంటూ ఉంటావు, కానీ అందడం లేదనిపిస్తుంది. ఆక్సీమీటర్ పెడితే 98, 99 చూపిస్తుంది. దడ మామూలుగా పది నిమిషాల్లోపే చివరికంటా పెరిగి, తర్వాత మెల్లగా దిగుతుంది. నువ్వు ఏం చేసినా, చేయకపోయినా దిగుతుంది. ఈసారి వస్తే పెద్దగా ఊపిరి పీల్చకు, వదిలేదాన్ని నెమ్మదిగా, పొడుగ్గా వదులు. కూర్చున్న చోటే కూర్చో. లేచి పారిపోతే, "పారిపోయాను కాబట్టే బతికాను" అని మెదడు నమ్మేస్తుంది. బస్సు దిగిపోవడం కూడా అదే. దిగినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో, మళ్లీ ఎక్కేటప్పుడు భయం అంత పెరుగుతుంది.

ఇక ఆ కాఫీపొడి, ఆక్సీమీటర్. ఇక్కడ కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకు. 2021లో 94 కన్నా తగ్గితే డాక్టరుకి చెప్పమని అందరికీ చెప్పాం, అప్పుడు ఆ యంత్రం ప్రాణాలు కాపాడింది. జ్వరం లేకుండా, ఆయాసం లేకుండా ఇప్పుడు చూసుకోవడం దురద గోక్కోవడమే. గోకినంతసేపూ సుఖం, ఆపగానే ఇంకా ఎక్కువ. 98 చూస్తే మనసు కుదుటపడుతుంది, అదెంతసేపు? పైగా చలికి వేలు చల్లగా ఉన్నా, గోటికి రంగు ఉన్నా అది తప్పు చూపిస్తుంది, ఆ రోజు నీ గతి ఏమిటి? ఒక్కసారిగా పారేయమనను. మొదట బ్యాగులోంచి తీసి బీరువాలో పెట్టు. కాఫీపొడి వాసన చూడకుండా పని మొదలుపెట్టు, ఆ ఇబ్బందిని కాసేపు ఓర్చుకో. అది తగ్గడం నువ్వే చూస్తావు. సైకాలజిస్టులు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అని చేయించేదాంట్లో ఇది ముఖ్యమైన భాగం. తోడు మనిషి ఉండి చేయిస్తే తేలిక.

డాక్టరు దగ్గరకి వెళ్లాలా అంటే, వెళ్లాలి. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, చెమటలు, నిద్రలేమి వస్తాయి. రక్తం తక్కువైనా దడ, ఆయాసం వస్తాయి. ముందు అవి చూపించుకో. ఆందోళన ఎంత ఉందో తెలుసుకోవడానికి జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల్లో ఎలా ఉన్నావో అడుగుతారు, 21కి స్కోరు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వివరంగా చూడాలని అర్థం. మందులు చాలామందికి జీవితాంతం ఉండవు. ఎక్కువగా ఎస్ఎస్ఆర్ఐ అనే రకం ఇస్తారు, అవి పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని "ఏం లాభం లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. మత్తు మందులు కావు అవి, ఇంకా ఇంకా కావాలనిపించదు. ఆపేటప్పుడు మాత్రం డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మొహం చూపించడం ఇబ్బందైతే ముందు 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రైనా ఎత్తుతారు. భాష ఎంచుకోవచ్చు, తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది.

బరంపురం మాస్టారు:

అమ్మా, సిస్టర్‌గారు వైద్యం చెప్పారు. నేను రిటైర్డ్ లెక్చరర్ని, సైకాలజీ కాదు గానీ ఈ విషయం మీద కొంత చదివాను. ధైర్యం పుట్టుకతో వస్తుందా అన్న మీ ప్రశ్న దగ్గరే ఆగుతాను.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడు మా వైపు పల్లెల్లో జనాన్ని స్కూలు భవనాల్లోకి తరలించారు. ఒక్కో గదిలో ఎంతమందో. పైన రేకులు ఎగిరిపోతున్నాయి, లోపల గంజి కాస్తున్నారు, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. ఒక ముసలాయన రాత్రంతా 1999 తుపాను కథలు చెబుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి ఇళ్లు పోయాయి, చెట్లు పోయాయి, మనుషులు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. 2020లో అవే స్కూలు గదులు క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. మే మొదటివారం నుంచి సూరత్ మరమగ్గాల్లో పనిచేసే మన గంజాం కుర్రాళ్లు శ్రామిక్ రైళ్లలో దిగారు. సర్పంచులకు కలెక్టరు అధికారాలిచ్చారు, క్వారంటైన్ పూర్తిచేస్తే 2,000 రూపాయలన్నారు. ఆ జులైకల్లా ఒడిశాలో కేసులు ఎక్కువ మా జిల్లాలోనే. తుపానప్పుడు ఏ మనిషిని పట్టుకుని వణుకు ఆపుకున్నామో ఆ మనిషే ఇప్పుడు ప్రమాదం. ఫైలిన్‌లో మా వీధి మొత్తానికి ధైర్యం చెప్పిన ఒకాయన 2020లో గుమ్మం దాటలేదు. పాలప్యాకెట్టు సబ్బుతో కడిగేవాడు. మనిషి మారలేదు, ఆపద తీరు మారింది. కాబట్టి మీ ఆయన అన్నట్టు పిరికివాళ్లు, ధైర్యవంతులు అని మనుషుల్ని రెండు గంపల్లో వేయడం కుదరదు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో జార్జ్ బొనానో అనే ప్రొఫెసర్ ఉన్నారు. పెద్ద నష్టాలు, విపత్తుల తర్వాత మనుషులు ఎలా ఉంటారో ఏళ్ల తరబడి గమనించారు. చాలామంది పెద్దగా చెక్కుచెదరకుండా నిలబడతారని, అది మహాపురుషుల లక్షణం కాదని, మామూలు సంగతేనని 2004లో రాశారు. కొందరికి తొలుత దెబ్బ తగిలి మెల్లగా కోలుకోవడం, కొందరికి బాధ ఏళ్లకేళ్లు ఉండిపోవడం, కొందరికి ఆలస్యంగా మొదలవడం కూడా చూశారు. 2003లో హాంకాంగ్‌లో సార్స్ (అదీ ఒక రకం కరోనా వైరస్ జబ్బే) వచ్చి ఆసుపత్రిలో చేరి బతికి బయటపడ్డవాళ్లని ఆయన బృందం ఏడాదిన్నర పాటు గమనించింది. బాగా నిలబడ్డవాళ్లకి మనుషుల అండ ఎక్కువ, ఆ జబ్బు గురించిన బెంగ తక్కువ. మేడ మీద గదిలో మీకు ఏ అండ ఉందో మీరే రాశారు.

మీరొక్కరే కాదు. 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో ఆందోళన రుగ్మతలు అదనంగా 7 కోట్ల 60 లక్షల మందికి వచ్చి ఉంటాయని లాన్సెట్ అనే వైద్య పత్రికలో లెక్కకట్టారు. ఆడవాళ్లలోనూ, చిన్న వయసువాళ్లలోనూ ఎక్కువ. అంతమందీ పిరికివాళ్లేనా? అడగండి మీ ఆయన్ని.

గుణుపురం వదిన:

నేను మీ అక్కలాంటిదాన్ని, అందుకే రాస్తున్నాను. 2021లో మా అత్తగారి వెంట నేనే వెళ్లాను. నాకూ బాగానే నిద్రపడుతుంది. లోపల కుమిలిపోతూ పైకి నవ్వుతున్నానని ఎవరైనా అనుకుంటే అదేం లేదు.

ఎందుకో ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆసుపత్రి దగ్గర భయపడే తీరిక లేదు. ఆధార్ జిరాక్స్ కావాలంటారు, ఆ జిరాక్స్ షాపు మూసేసి ఉంటుంది. వేణ్ణీళ్ల ఫ్లాస్కు లోపలికి పంపాలి, వార్డుబాయ్‌ని బతిమాలాలి. సాయంత్రం ఎవరో బయటికొచ్చి పేరు పిలుస్తారు, మనది కాకపోతే మళ్లీ కూర్చుంటాం. నా పక్కన కూర్చున్న ఛత్రపురం ఆవిడ, నేను ఒకే చీపురుతో షెడ్డు ఊడ్చుకున్నాం. భయంకరమైనవి చూశాను, నిజమే. కానీ ప్రతిదానికీ మొదలూ చివరా చూశాను. అత్తగారికి ఆక్సిజన్ 88 ఉన్న రోజు తెలుసు, 93కి వచ్చిన రోజూ తెలుసు.

మీరు మాత్రం ఫోన్ మోగితే ఏం వినాలో తెలియకుండా ఎత్తారు. మోగకపోతే ఎందుకు మోగలేదో తెలియదు. మా ఆడపడుచు విశాఖలో ఇరుక్కుపోయి ఇలాగే ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఇప్పటికీ నేను మధ్యాహ్నం పూట చేసినా "ఏమైంది వదినా?" అనే ఎత్తుతుంది. చూసినదాన్ని మనసు ఒక్కసారే చూస్తుంది. చూడనిదాన్ని ఎన్ని రకాలుగానో ఊహించుకుంటుంది. మీకేం కష్టం రాలేదని ఎవరన్నారు? చేయడానికి పనిలేని కష్టం మీది. పిల్లాడు ఏడుస్తుంటే తలుపు తీయకుండా కూర్చోవడం కన్నా షెడ్డులో పడుకోవడమే నయమని నేనైతే అంటాను.

ఒక చిన్న మాట. మీ ఆయన పొగుడుతుంటే మీ అక్కకి ఎలా ఉందో నాకు తెలియదు గానీ, మా ఇంట్లో నన్ను "ఝాన్సీ లక్ష్మీబాయి" అంటే ఒళ్లు మండుతుంది. ఇంకోసారి వస్తే మళ్లీ నువ్వే వెళ్లాలి అని చెప్పడం అది. ఒకసారి అక్కనే అడగండి, అక్కడ రోజూ ఏం జరిగిందని. మీరు ఊహించుకున్నదాంట్లో సగం జరిగి ఉండదు.

పర్లాకిమిడి కోడలు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మాస్టారూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. తర్వాత వంటింట్లోకొచ్చి "14416కి నేను కూడా పక్కన కూర్చోనా" అన్నారు.

వదినా, అక్కని అడిగాను. మిక్చర్ పొట్లం విప్పుకుని మేడ మీద కూర్చున్నాం. నాకు తెలియనివి చాలా చెప్పింది. ఒక రాత్రి ఆవిడ ఫోన్ ఎత్తలేదు, తెల్లవార్లూ నేను మావయ్య పోయారనే అనుకున్నాను. అప్పటికే ఎవరెవరికి కబురు చెప్పాలో లెక్కలు కూడా వేసుకున్నాను. ఆ రాత్రి ఛార్జర్ పాడైపోయిందట! పక్కవాళ్ల ఛార్జర్ సరిపడక ఫోన్ ఆగిపోయిందట. మావయ్య ఆ రాత్రే మొదటిసారి ఇడ్లీ తిన్నారట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అప్పుడే అడగొచ్చు కదా" అంది అక్క. ఇంట్లో ఆ మాట ఎత్తితే అందరూ "పోనీలే, అయిపోయిందిగా" అనేవారు, ఎలా అడుగుతాను?

ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడారు. తొందరపెట్టకుండా విన్నారు, జిల్లా ఆసుపత్రిలో చూపించుకోమన్నారు. సోమవారం వెళ్తున్నాం. ఆక్సీమీటర్ బీరువాలో ఉంది, తాళం అత్తమ్మ దగ్గర. కాఫీపొడి మాత్రం ఇంకా చూస్తున్నాను.

సిస్టర్, ఇంకొక్క సందేహం. నిద్రపట్టడం లేదంటే మందుల షాపులో ఒక మాత్ర ఇచ్చారు. అల్ప్రాజోలం అని ఉంది స్ట్రిప్పు మీద. కొన్ని నెలలుగా రాత్రిపూట వేసుకుంటున్నాను. సోమవారం డాక్టరుకి ఇది చెప్పాలా? చెబితే తిడతారేమో. వెళ్లేలోపు మానేయనా?

జయపురం సిస్టర్:

మానేయకు. దయచేసి నీ అంతట నువ్వు మానేయకు. నెలల తరబడి వేసుకున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే దడ, వణుకు, నిద్రలేమి ఇంకా ఎక్కువగా వస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అలవాటు పడే మందు ఇదే, మీవాళ్లు భయపడుతున్న మందులు కాదు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడనిది ఇచ్చారు. ఆ స్ట్రిప్పు తీసుకెళ్లు, ఎంత మోతాదు, రోజూనా, ఎప్పటినుంచి అన్నది చెప్పు. మెల్లగా ఎలా తగ్గించాలో డాక్టరు రాసిస్తారు. తిడితే పడు, ఏం పోదు. ఈలోగా మోతాదు పెంచకు. మీ ఇంట్లో ఎవరైనా మద్యం తాగేవాళ్లుంటే ఆ మాత్ర వాళ్ల చేతికి అందనివ్వకు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఈసీజీ కాగితం, థైరాయిడ్ రిపోర్టు ఉంటే అవి కూడా పట్టుకెళ్లు. లేకపోతే టెస్టులు అక్కడే చేయిస్తారేమో అడుగు.